బారల్లో కొలిచే డబ్బు

చేతిలో చిల్లిగవ్వ లేదని చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు అనుంటానో! ఆ చిల్లిగవ్వే డబ్బుగా చెల్లే చోటు పోయిన నెల చూశాను. పాపువా న్యూగినీలో కొకోపో అనే ఊరు. 1994లో అగ్నిపర్వతాలు పేలి పాత రాజధాని రబౌల్ బూడిదలో కూరుకుపోయాక అక్కడి ఈస్ట్ న్యూ బ్రిటన్ రాష్ట్రానికి ఇదే రాజధాని అయింది.

అక్కడి తోలాయ్ వాళ్ల డబ్బు పేరు తంబు. చిటికెన వేలి గోరంత నత్తగుల్లలు. వీపు మీది బొడిపె కొట్టేసి, ఆ చిల్లులోంచి సన్నటి పేము బద్దకి గుచ్చుతారు. చిల్లు పడితేనే దానికి విలువ. పెద్ద మొత్తమైతే బారల్లోనే లెక్క. ఒక పెద్దావిడ రెండు చేతులూ బార్లా చాచి కొలుస్తుంటే, మా వీధి మలుపులో మల్లెపూలు మూర వేసే అమ్మ చెయ్యి కళ్ల ముందు కదిలింది.

వందల బారలు కూడబెట్టి, బండి చక్రమంత చుట్టగా కట్టి దాచుకుంటారు. ఆ మనిషి పోయిన రోజున చుట్ట విప్పి, ముక్కలు కోసి, వచ్చిన వాళ్లకి పంచేస్తారు. బతికినన్నాళ్లూ దాచింది ఇందుకేనట. అది విన్నాక చాలాసేపు మాట రాలేదు. మా తాతయ్య పోయినప్పుడు ఇంట్లో జరిగిన పంపకాల గొడవ గుర్తొచ్చింది మరి.

1975లో ఆ దేశం తెచ్చుకున్న కరెన్సీ కినా. ఆ పేరూ ఒక ముత్యపు చిప్పదే. ఇంటికి తెచ్చుకున్న ఒక కినా నాణెం, జానెడు తంబు ఇప్పుడు నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. నాణేనికీ నడిమధ్యన చిల్లు ఉంది.