బావ సూది మీటరు

గ్యారేజీలో కస్టమర్ నోట వినకూడని మాట ఒకటుంది. "సమ్‌టైమ్స్." బండి అసలు స్టార్ట్ కావట్లేదంటే సంతోషం, పొగ వస్తోందంటే ఇంకా సంతోషం. "అప్పుడప్పుడు ఆగినట్టవుతుంది" అన్నాడా, ఇక ఆ వారం నిద్ర లేనట్టే.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్‌గా నాకిది పదకొండో ఏడు. కిందటిసారి సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడు అలాంటి 'అప్పుడప్పుడు' ఒకటి నాతోపాటే విమానం దిగింది.

అది 1979 మోడల్ జర్మన్ వ్యాన్. రెండు లీటర్ల ఇంజిను వెనకాల ఉంటుంది. రేడియేటర్ లేదు, ఆ షార్జా ఎండలో గాలితోనే చల్లబడాలి. కార్బురేటర్ కూడా లేదు, ఎల్-జెట్రానిక్ అనే పాతకాలం ఫ్యూయల్ ఇంజెక్షన్. ఎల్ అంటే లుఫ్ట్, జర్మన్‌లో గాలి. ఇంజిను పీల్చే గాలి ఒక చిన్న తలుపును తోస్తుంది. అది ఎంత తెరుచుకుందో చూసి పెట్రోలు ఎంత పోయాలో కంట్రోల్ డబ్బా లెక్కేస్తుంది. ఆ డబ్బా తప్పులు గుర్తుపెట్టుకోదు, స్కానర్ పెట్టడానికి దానికి సాకెట్టే లేదు. మా కుర్రాడు స్కానర్ పట్టుకుని వ్యాన్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి వెళ్లిపోయాడు.

ఓనరు రిటైరైన తెల్లాయన. సెలవు రోజొస్తే షార్జా నుంచి ఫుజైరా సముద్రం దాకా వెళ్లొస్తాడు. ధైద్ దాటాక గంటకు తొంభై మీద ఒకే తీరుగా పోతుంటే ఇంజిను ఉన్నట్టుండి ఎక్కిళ్లు పెట్టినట్టు కుదుపుతుందట. కాలు తీసి మళ్లీ తొక్కితే సర్దుకుంటుంది. సిగ్నళ్ల మధ్య ఎప్పుడూ రాదు. మా గేటు లోపలికొస్తే అసలే రాదు.

చూడాల్సినవన్నీ చూశాను. పెట్రోలు ప్రెషర్ రెండు బార్లు, వాక్యూమ్ పైపు తీస్తే రెండున్నర, ఉండాల్సినట్టే ఉంది. రిలే మార్చాను. ఎర్త్ వైర్లన్నీ విప్పి గీకి బిగించాను. ఆయిల్ మూత రబ్బరు, డిప్‌స్టిక్ రబ్బరు కూడా చూశాను. ఈ ఇంజిన్‌కు అక్కడినుంచి దొంగగాలి వచ్చినా లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ గాలి తలుపు గుండా రాలేదు కదా. హెడ్ టెంపరేచర్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు చూపాలి. మా షెడ్డులో 20 డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? గ్లాసులో ఐసు వేసి, థర్మామీటర్ పెట్టి, ముంచి కొలిచాను. అదీ బాగానే ఉంది.

వ్యాన్ మూడుసార్లు తిరిగొచ్చింది. మాది గంటల లెక్క పని, తిరిగొచ్చిన బండి మీద పడ్డ గంటలు ఎవరి ఖాతాలోకీ రావు. ఫోర్‌మన్ అరిచినా బాగుండేది. ఏమీ అనకుండా చూసి వెళ్లేవాడు, టెన్షన్ అంతా దాంతోనే.

సరే, సెలవు. చిక్కడపల్లిలో మా బావకు టీవీ రిపేరు షాపుంది. ఇప్పుడు ముందంతా ఫోన్ కవర్లు వేలాడుతుంటాయి గానీ, లోపల టేబుల్ మీద సోల్డరింగ్ వాసన పోలేదు. సాయంత్రాలు అక్కడ కూర్చునేవాణ్ణి.

"ఏంది బామ్మర్దీ, సెలవుకొచ్చి గూడ బండి ముచ్చటేనా?"

"నీకు అర్థమయ్యేది కాదులే బావా."

"చెప్పరాదు, జర నవ్వుకుంట."

బిల్లు కాగితం వెనక బొమ్మ గీశాను. ఇది తలుపు, దాని ఇరుసుకు ఈ సన్నని చెయ్యి, తలుపు కదిలితే ఈ చెయ్యి ఒక నల్లటి కార్బన్ పట్టీ మీద జారుతుంది, దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది.

బావ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అరే, ఇది వాల్యూమ్ కంట్రోల్ రా!"

అరలోంచి రిపేరుకొచ్చిన పాత రేడియో తీసి ఆన్ చేశాడు. నాబ్ తిప్పుతుంటే ఒక్క చోట మాత్రం గరగరమంది. దాటాక మళ్లీ శుభ్రం.

"దీని ముసలాయన రోజూ వార్తలింటడు. రోజూ గంతే సప్పుడు పెడ్తడు. మిగతా పట్టీ కొత్తగనే ఉంటది, గాడ మాత్రం గీసుకపోయింది. నీ సారు రోడ్డు మీద ఎంత స్పీడు పోతడు?"

"తొంభై."

"ఎప్పుడూ తొంభయ్యేనా?"

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి, "మీటరు పెట్టి చూశా బావా, బాగానే చూపించింది" అన్నాను.

"అంకెల మీటరా? గది సెకనుకు రెండు మూడు సార్లు సూస్తది. నడిమిట్ల రెప్పపాటు పోతే దానికేం ఎరుక? సూదిది పట్టు."

డ్రాయర్‌లోంచి పాత సూది మీటరు తీసి రేడియోలోని ఆ కంట్రోల్‌కు వైర్లు తగిలించి నా చేతిలో పెట్టాడు. మెల్లగా తిప్పాను. సూది నున్నగా పైకెక్కుతూ గరగర దగ్గరికొచ్చేసరికి ఉలిక్కిపడి కిందపడి లేచింది. రాణిగంజ్‌లో పని నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్ దగ్గరా ఇలాంటిదే ఉండేది. కరెంటుందా లేదా చూడ్డానికి తప్ప దాన్ని దేనికీ వాడలేదు మేం.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో సెక్యూరిటీ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాన్న దగ్గర ఉండేది" అని ఇచ్చేశాడు.

షార్జాలో ఎయిర్ ఫిల్టర్ విప్పి, తాళం తిప్పి, తలుపును వేలితో తోశాను. తోయగానే పంపు గుయ్‌మంది. దాని స్విచ్చు కూడా అందులోనే ఉంటుంది. సూదికేసి చూస్తూ పాకించినట్టు తోశాను. మూడో వంతు తెరుచుకునే దగ్గర సూది ధబేలున పడింది. మళ్లీ తోశాను. అదే చోటు. నాలుగోసారి ఫోర్‌మన్‌ను పిలిచి చూపించాను.

సిలికాన్‌తో అంటించిన నల్లమూతను బ్లేడుతో కోసి తీస్తే లోపల గడియారం స్ప్రింగు లాంటిది, పక్కన సన్నని చెయ్యి, పట్టీ మీద ఒక్కచోట గోటితో గీరినట్టు మెరిసే గీత. స్ప్రింగు పళ్లచక్రం జోలికి పోలేదు, అది ఒక్క పన్ను తిరిగినా పెట్రోలు లెక్కంతా తారుమారు. పట్టీ ప్లేటు స్క్రూలు వదులు చేసి, చెయ్యి అరగని దారిన నడిచేలా వెంట్రుకవాసి జరిపి బిగించాను. ఈసారి సూది తడబడలేదు. మూత అంటించేశాను.

తెల్లాయన రెండు వారాలు వరసగా ఫుజైరా వెళ్లొచ్చాడు. ఫోర్‌మన్ బిల్లు రాశాడు. పేరు గ్యారేజీదే, అది మామూలే.

బావ ఆ రాత్రే ఫోన్ చేశాడు. నాకు పది, ఆయనకు పదకొండున్నర.

"మీటరెప్పుడు పంపిస్తవ్?"

"ఎవరైనా వస్తుంటే పంపిస్తా బావా. ఇంతకీ ఆ రేడియో ఏమైంది?"

"ముసలాయన తీస్కపోయిండు. గా సైజు కంట్రోల్ దొరకలే. ఇగ జర సప్పుడు ఎక్కువ పెట్టుకోమని చెప్పిన."