మా రీఫ్ ట్యాంకులో ఎనిమిది నెలల నాచు

భీమవరంలో నాది నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. పొద్దున్న ఎనిమిదికల్లా రొయ్యల రైతులు బాటిళ్ళలో చెరువు నీళ్ళు పట్టుకొస్తారు. పీహెచ్, అమ్మోనియా, నైట్రైటు, ఆల్కలినిటీ, ఉప్పు చూసి కాగితం రాసిస్తాను. ఇంటికెళ్తే హాల్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పు నీళ్ళలో పగడాలు పెంచే అక్వేరియం. రాళ్ళు పోను 200 లీటర్లు. జువాంథస్‌లు, రెండు లెదర్ కోరల్స్, మష్రూములు (ఇవన్నీ మెత్తటి పగడాల రకాలు), ఒక జత క్లౌన్ చేపలు ఉన్నాయి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి పోను.

మార్చిలో రాళ్ళ మీద పచ్చటి నూగులా మొదలైంది. ఏప్రిల్ చివరికి వేలెడు పొడుగు జుట్టయింది. హెయిర్ ఆల్గీ అంటారు. జువాంథస్‌ల మధ్యకి చొరబడి వాటికి వెలుతురు తగలకుండా చేసింది. లైటు పడగానే పువ్వుల్లా విచ్చుకునేవి రోజుల తరబడి ముడుచుకునే ఉంటే, ల్యాబు నుంచి వచ్చి ట్యాంకు వైపు చూడాలంటేనే బాధగా ఉండేది.

పరీక్ష చేస్తే ఫాస్ఫేటు 0.00. నైట్రేటు దాదాపు లేదు. తిండే లేకుండా నాచు ఎలా పెరుగుతోందో అర్థం కాలేదు.

మూడు రోజులు లైట్లు ఆపి దుప్పటి కప్పాను. నాచు తెల్లబడి ఊడింది. పదిహేను రోజుల్లో అంతకంత వచ్చింది. చచ్చిన నాచు తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తుంది కదా. తర్వాత ఫాస్ఫేటును పట్టుకునే జీఎఫ్ఓ గుళికలు మోతాదు మించి పెట్టాను. ఇది నేను చేసిన పెద్ద తప్పు. ఇసుక మీద గాలిబుడగలతో గోధుమరంగు జిగురు పరుచుకుంది. చుక్క తీసి ల్యాబులో మైక్రోస్కోపు కింద పెడితే డైనోఫ్లాజెల్లేట్లు, కంటికి కనిపించని ఏకకణ జీవులు. పోషకాలు మరీ అడుగంటితే అవి పైచేయి తీసుకుంటాయి. నాచు తినే నత్తలు రెండు చచ్చిపోయాయి. గుళికలు తీసేసి, చేపలకి మేత కాస్త పెంచాక గానీ జిగురు పోలేదు. నాచు మాత్రం కదల్లేదు.

వినాయక చవితికి నాన్న వచ్చారు. ఆకివీడు దగ్గర ముప్పై ఏళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషి. కుర్చీ లాక్కుని ట్యాంకు ముందు చాలాసేపు కూర్చున్నారు.

"రోజుకి ఎంత తగ్గుతాయమ్మా నీళ్ళు?"

"పైన ఫ్యాను తిరుగుతుంది కదా నాన్నా, నాలుగున్నర లీటర్ల దాకా."

"ఏ నీళ్ళు పోస్తున్నావు?"

"వంటింట్లో ఆర్‌వో నీళ్ళు."

"వాటిని పరీక్ష చేశావా?"

చెయ్యలేదు. ఆర్‌వో అంటే శుభ్రమే అనుకున్నాను. ఆ సాయంత్రమే చూశాను. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క) 70, ఫాస్ఫేటు 0.2 పీపీఎం, అంటే లీటరుకి 0.2 మిల్లీగ్రాములు. తాగడానికి రుచిగా ఉండాలని మామూలు కుళాయి నీళ్ళు కొంచెం కలిపే వాల్వు ఒకటి ఆ మిషన్లో ఉంది. మనుషులు తాగడానికి ఆ నీళ్ళు మంచివే.

కాగితం తీసి లెక్క వేశాను. నాలుగున్నర లీటర్లకి రోజుకి 0.9 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో నెల తిరిగేసరికి 0.13 పీపీఎం పైనే. నా ట్యాంకుకి నేను పెట్టుకున్న హద్దు 0.1. ఆవిరయ్యేది ఉత్త నీళ్ళే, వాటిలో ఉన్నవన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఎండల్లో చెరువులో ఉప్పు పెరిగేది ఇలాగేనని రైతులకి నేనే చెబుతాను. మరి మీటరులో సున్నా ఎందుకొచ్చింది? వచ్చింది వచ్చినట్టు నాచు లాగేసుకుంటోంది. చెరువు బాగా పచ్చగా ఉన్నప్పుడు కూడా కరిగిన ఫాస్ఫేటు తక్కువే కనిపిస్తుంది, అది నీళ్ళలో తేలే సన్నటి నాచు, ప్లాంక్టన్, ఒంట్లోకి వెళ్ళిపోతుంది కాబట్టి.

అంతర్వేది ఇంత దగ్గరుండగా సముద్రపు నీళ్ళే తెచ్చుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. అక్కడ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. వరద రోజుల్లో ఉప్పు పడిపోతుంది, ఒండ్రుతో పాటు పొలాల ఎరువూ కొట్టుకొస్తుంది. నాకు ఏడాది పొడుగునా ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళు ఉండాలి. అందుకే అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు పొడి, సాల్ట్ మిక్సే, నీళ్ళలో కలుపుకుంటాను.

ట్యాంకు కోసం విడిగా చిన్న ఆర్‌వో, దాని వెనక, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం పెట్టించాను. ఇప్పుడు టీడీఎస్ 0. రెసిన్ అయిపోతే తెలిసేలా వారానికోసారి చూస్తున్నాను. ప్రతి ఆదివారం రెండేసి రాళ్ళు బయటికి తీసి, ట్యాంకు నీళ్ళే పట్టిన బకెట్లో టూత్‌బ్రష్‌తో తోమాను. గడ్డకట్టిన మైసిస్ రొయ్యల్ని టీ వడకట్టులో కడిగి వేస్తున్నాను. ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టి, అంటే సంపులో, కీటో అనే పెంచుకునే రకం నాచు పెట్టి, దానికి రాత్రిపూట లైటు వేస్తున్నాను. పెరిగిన కీటోని తీసి పారేస్తే అది తిన్న ఫాస్ఫేటు దానితో పాటే బయటికి పోతుంది. కొత్తగా పన్నెండు నత్తలు వేశాను.

మొదటి నాలుగు వారాలూ ఏ మార్పూ లేదు. ఆ రోజుల్లోనే ఓపిక పట్టాలి. నెలల తరబడి రాళ్ళకి పట్టిన ఫాస్ఫేటు, నీళ్ళు శుభ్రపడుతున్న కొద్దీ మెల్లగా బయటికొస్తుంది. జీఎఫ్ఓ ఈసారి రెండు చెంచాలే పెట్టాను, మీటరు 0.05 దగ్గర నిలబడేలా. ఆరో వారంలో నాచు చేత్తో లాగితే ఊడి రావడం మొదలైంది. పదకొండో వారానికి, అంటే నవంబరు మధ్యకి, జువాంథస్‌లు మొత్తం విచ్చుకున్నాయి. వీడియో తీసి నాన్నకి పంపాను.

నిన్న ఫాస్ఫేటు 0.06, నైట్రేటు 6. ఎడమవైపు పెద్ద రాయి వెనకాల, పంపు ధార తగిలేచోట గుప్పెడు నాచు ఇంకా ఉంది. ఆదివారం ఆ రాయి తియ్యాలి.