కనీస వేతనానికి కొలబద్ద చట్టంలోనే ఉండాలి

కనీస వేతనం ఎంత ఉండాలన్న ప్రశ్నకు 2024 లోక్‌సభ ఎన్నికల్లో పార్టీలు తలో జవాబు చెప్పాయి. కాంగ్రెస్ దేశమంతటా రోజుకు 400 రూపాయలన్నది. నెలకు 26 వేలకు తగ్గరాదని సీపీఎం అన్నది. 26 పనిదినాల లెక్కన అది రోజుకు వెయ్యి రూపాయలు. బీజేపీ అంకె చెప్పకుండా, జాతీయ కనిష్ఠ వేతనాన్ని, అంటే రాష్ట్రాల కనీస వేతనాలకు కేంద్రం చూపే అడుగు హద్దును, ఎప్పటికప్పుడు సమీక్షిస్తామన్నది. ఆ రోజుల్లో నేను విన్న చర్చలన్నీ ఈ అంకెల చుట్టూనే తిరిగాయి గాని, ఏ అంకె ఏ లెక్క మీద వచ్చిందన్న మాట రాలేదు.

నిజానికి ఆ లెక్క ఎప్పుడో కట్టారు. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న 1957 నాటి భారత కార్మిక సదస్సు, పెద్దవారికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వంటి ఖర్చులను లెక్కగట్టి వేతనం తేల్చాలన్నది. పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం చేర్చాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర కార్మిక శాఖే నియమించిన అనూప్ సత్పతి కమిటీ 2019లో ఆ కొలతలను కాలానికి తగ్గట్టు సవరించి, కేలరీలను 2,400కు తగ్గించి కూడా, రోజుకు 375 రూపాయలు కావాలని తేల్చింది. అదే ఏడాది కేంద్రం జాతీయ కనిష్ఠ వేతనాన్ని 176 నుంచి 178 రూపాయలకు పెంచింది. సొంత కమిటీ చెప్పినదానిలో సగం కూడా ఇవ్వని ఆ రెండు రూపాయల పెంపు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాష్ట్రానికో ధర ఉన్నప్పుడు దేశమంతటికీ ఒకే అంకె ఎలా కుదురుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ కమిటీ దేశాన్ని ఐదు ప్రాంతాలుగా విభజించి 342 నుంచి 447 రూపాయల వరకు వేర్వేరు రేట్లు సూచించి, దానికీ దారి చూపింది.

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చి, షెడ్యూలులో పేర్కొన్న పనులకే పరిమితమైన 1948 నాటి కనీస వేతనాల చట్టం రక్షణను కార్మికులందరికీ విస్తరించింది. ఈ మేలును విమర్శకులు కూడా ఒప్పుకోవాలి. కాని కొలబద్దను చట్టంలో రాయకుండా నిబంధనలకు వదిలేసింది. నిబంధనను ప్రభుత్వం నోటిఫికేషన్‌తో మార్చుకోగలదు, చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటులో జవాబు చెప్పాలి. ప్రతిపక్షాలు పట్టుబట్టవలసింది ఇక్కడ.

పని గంటల విషయంలో పార్టీల మధ్య తేడా మరీ పలచబడింది. 2025 జూన్‌లో టీడీపీ నాయకత్వంలోని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించగా, జులైలో తెలంగాణలోని కాంగ్రెస్ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో, వారానికి 48 గంటలు దాటకుండా, రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. ఢిల్లీలో లేబర్ కోడ్‌లను వ్యతిరేకించే పార్టీ హైదరాబాద్‌లో ఇలా చేయడం నన్ను బాధపెట్టింది.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలకు ఈ గంటల లెక్కా అందదు. వాళ్ల కూలి వెయ్యి బీడీలకు ఇంత అని ఉంటుంది. ఇచ్చిన ఆకు చాలక బయట కొనుక్కుంటే ఆ ఖర్చు కూలిలోంచే పోతుంది, కంపెనీ పని తగ్గిస్తే నెలలో చేతికొచ్చే రోజులూ తగ్గుతాయి. రోజుకు 400 అన్నా, వెయ్యి అన్నా, వెయ్యి బీడీలకు అది ఎంతవుతుందో, నెలకు ఎన్ని రోజుల పనికి హామీ ఉంటుందో ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ వాళ్లకు చెప్పాలి.