ప్రతిపదార్థం తర్వాత ఇరాబ్

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. పద్యం చదివించడం, ప్రతిపదార్థం రాయించడం నా పని. రిటైరయ్యాక టోలిచౌకిలో ఒక ఉస్తాద్ గారి దగ్గర అరబ్బీకి చేరాను. జవాబు, తారీఖు, హక్కు, వకీలు అని పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాటల్ని వాటి పుట్టింట్లో చూడాలనిపించింది. నేనుండేది తార్నాకలో. 1888లో మొదలై పాత అరబ్బీ గ్రంథాలెన్నో అచ్చువేసిన దాయిరతుల్ మఆరిఫ్ ఉన్నది మా పక్కనే, ఉస్మానియా యూనివర్సిటీలో. అటువైపు ఎన్నిసార్లు నడిచానో, లోపల ఏముందని మాత్రం ఏనాడూ అడగలేదు.

మొదటి నెల అర్థాలు బట్టీ పట్టాను. మాటలు వచ్చాయి గానీ వాక్యం పట్టుబడలేదు. అప్పుడు ఉస్తాద్ గారు ఇరాబ్ మొదలుపెట్టారు. అదీ ఒక్కో మాటనూ విడదీసి చూడడమే, కాకపోతే అడిగే ప్రశ్న వేరు. "అర్థం తర్వాత చూద్దామమ్మా. ఈ మాట ఇక్కడ ఏం పని చేస్తోంది? దాని చివర ఈ అచ్చు ఎందుకొచ్చింది?"

బోర్డు మీద మూడు మాటలు రాశారు: కతబ, అల్‌వలదు, అద్దర్స. పిల్లవాడు పాఠం రాశాడు. కతబ భూతకాల క్రియ, దాని చివరి అకారం స్థిరం. అల్‌వలదు కర్త, కాబట్టి రఫ్‌అ అనే విభక్తి, గుర్తు ఉకారం. అద్దర్స కర్మ, కాబట్టి నస్బ్, గుర్తు అకారం. దీనికి ‘ఫిల్ బైతి’ (ఇంట్లో) చేరిస్తే, ‘ఫీ’ తన తర్వాతి నామాన్ని జర్‌లోకి తెస్తుంది, చివర ఇకారం వస్తుంది. జర్ అంటేనే లాగడం. డు, ము, వు, లు అని పిల్లలచేత వల్లె వేయించినదాన్ని, నాకు ప్రాణం లేచొచ్చింది. మనం ‘పాఠం రాశాడు’ అంటే పాఠానికి ‘ను’ అక్కర్లేదు, ప్రాణం లేనివాటికి ఆ వెసులుబాటు ఉంది. అరబ్బీ అలా వదలదు.

అయితే ఈ గుర్తులు మామూలు పుస్తకాల్లో, పేపర్లలో వేయరు. మనం చదివి అర్థం చేసుకుంటాం. అక్కడ కర్త ఎవరో తేల్చుకుంటే గానీ సరిగ్గా పైకి చదవలేం.

గుర్తు పలకడానికి చోటే లేని మాటలూ ఉన్నాయి. ‘దరబ మూసా ఈసా’. రెండు పేర్లూ దీర్ఘంతోనే ముగుస్తాయి. ఎవరు ఎవర్ని కొట్టారు? ఇక్కడ వరుసే దిక్కు, ముందున్న మూసాయే కర్త. ‘అకలల్ కుమ్మస్రా మూసా’ అన్నప్పుడు మాత్రం వరుస తిరగబడినా పర్వాలేదు. కుమ్మస్రా అంటే బేరిపండు, పండు మనిషిని తినదు. ఈ రెండూ అరబ్బీ వ్యాకరణ పాఠాల్లో పాత ఉదాహరణలే, నాకు మాత్రం వారమంతా వాటి మీదే ధ్యాస.

పోయిన ఆదివారం ‘కాన’ (ఉండెను) అనే క్రియ వచ్చింది. ‘అల్‌జవ్వు హార్రున్’ అంటే వాతావరణం వేడి. ముందు కాన పెడితే ‘కానల్ జవ్వు హార్రన్’. హార్రున్ కాస్తా హార్రన్ అయింది. కర్మ కాదే, మరి నస్బ్ ఎందుకు? కాన తన ఖబర్‌ను (కర్త గురించి చెప్పే మాటను) నస్బ్ చేస్తుంది, అది సూత్రం అన్నారు. నాకు సరిపోలేదు. మెల్లగా తెలుగులో అనుకుని చూశాను. వాతావరణం వేడి. వాతావరణం వేడిగా ఉండేది. ‘ఉండేది’ రాగానే మన వేడి కూడా కుదురుగా లేదు, చివర ‘గా’ తగిలించుకుంది.

పైకే అనేశాను. ఉస్తాద్ గారు ఒక్క క్షణం ఆగి, చాక్‌పీసు నా చేతికిచ్చారు.

"ఆ ‘గా’ ఎలా రాస్తారో చూపించండమ్మా."

హార్రన్ పక్కనే రాశాను.