పరాయివాళ్ల జాబితాలో మొదటి పేరు ఆంధ్రులదే

సంస్కృత గ్రంథాల్లో పరాయివాళ్లు అనగానే మనకు యవనులు, శకులు, హూణులు గుర్తొస్తారు. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం తీసి చూడండి. తాను దత్తత తీసుకున్న శునఃశేపుణ్ణి అన్నగా ఒప్పుకోని యాభైమంది కొడుకుల్ని విశ్వామిత్రుడు శపిస్తాడు. మీ సంతతికి అంచు ప్రాంతాలే గతి అంటాడు. ఆ సంతతి ఎవరయ్యా అంటే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. మనుస్మృతి పదో అధ్యాయంలో (43, 44 శ్లోకాలు) ద్రావిడులు యవన, శక, చీనుల సరసన ఉంటారు. వీళ్లంతా ఒకప్పటి క్షత్రియులేనట, కర్మలు వదిలేసి, బ్రాహ్మణుల ముఖం చూడక దిగజారారట. పరాయివాడంటే వేరే దేశం వాడని పెట్టుకుని చదివితే ఈ జాబితాలు ఒక్కటీ కుదరవు.

లోపలివాడికీ పరాయివాడికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో తేల్చడం ఎంత కష్టమో పాణిని వ్యాకరణానికి మహాభాష్యం రాసిన పతంజలి దగ్గర చూడాలి. వెలికాని శూద్రుల పేర్లు జంటగా సమాసమైతే ఏకవచనం రావాలంటుంది పాణిని సూత్రం (2.4.10). ఎక్కణ్ణుంచి వెలి అని పతంజలి ప్రశ్న. ఆర్యావర్తం నుంచి అందామంటే 'శకయవనమ్' అనే ఏకవచన సమాసం చెల్లదు, వాళ్లు ఆ హద్దుల బయటివాళ్లు. ఆర్యుల ఊళ్ల నుంచి అంటే, పెద్ద ఊళ్లలో చండాలురూ ఉంటారు. యజ్ఞకర్మ నుంచి అంటే వడ్రంగి-కమ్మరి, చాకలి-సాలె జంటలు పోతాయి. చివరికి కంచం దగ్గర ఆగుతాడు: తిన్న పాత్ర శుద్ధి చేస్తే మళ్లీ పనికొస్తే లోపలివాడు, రాకపోతే వెలి. ఆ లెక్కన యవనుడు లోపలే! సాకేతాన్ని యవనుడు ముట్టడించాడని ఉదాహరణ ఇచ్చిందీ ఈ పతంజలే.

జ్యోతిషం ఇంకా ఉదారం. యవనులు మ్లేచ్ఛులే (ఆర్యుల ఆచారానికి బయటివాళ్లే) అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా నిలిచింది కనుక ఋషుల్లా పూజ్యులని వరాహమిహిరుడి బృహత్సంహిత శ్లోకం.

వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులది మరో దారి. వేదంలో 'పిక' (కోకిల) లాంటి మాటకు ఆర్యుల వాడుకలో అర్థం దొరక్కపోతే మ్లేచ్ఛుల వాడుక తీసుకోవచ్చంటాడు వాళ్ల భాష్యకారుడు శబరస్వామి. పక్షుల్ని పట్టడం, పెంచడం వాళ్లకే బాగా తెలుసు మరి. అయితే తర్వాతి మీమాంసకుడు కుమారిలుడు ఒక హెచ్చరిక చేస్తాడు: ద్రావిడ భాషల మాటలకు సంస్కృత తోకలు తగిలించకండి. అన్నాన్ని 'చోర్' అంటే 'చోర' చేసేస్తున్నారు. పాముని 'పాప్' అంటే, నిజమే, అది పాపిష్ఠిదే కదా అంటున్నారు.