బాయిలో నుంచి పాడిన పాట

తిరుపతిలో అలిపిరి వైపు ఉన్న ఒక ప్రైమరీ స్కూల్లో వారానికి రెండు రోజులు సంగీతం చెప్పమంటే వెంటనే ఒప్పుకున్నాను. ఇక్కడి సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నవాణ్ణి, చిన్నపిల్లలకి సరళీ వరుసలు, అంటే స రి గ మల తొలి పాఠాలు, చెప్పలేనా అని ధీమా.

మొదటి నెల ఘోరం. మూడో తరగతి, ముప్ఫై మంది. నేను ఒకటి శ్రుతిలో (శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు) 'స' అందుకోగానే క్లాసంతా గొంతు కిందికి తొక్కిపెట్టి గురగురమనేది. అన్నమయ్య రాగిరేకులు దొరికిన కొండ కింద ఉంటూ, పొద్దున్నే మైకుల్లో కీర్తనలు వింటూ పెరిగే పిల్లలకి శ్రుతి కలవకపోవడమేమిటని విసుక్కున్నాను. వెనక బెంచీ పిల్లాడొకడు మరీ బండగా పాడుతుంటే, "నువ్వు పాడొద్దులే నాయనా, తాళం వెయ్యి" అని కూడా అనేశాను.

అసలు సంగతి ఒక పాప చెప్పింది. "సార్, మీరు బాయిలో నుంచి పాడినట్టుండాది. మేం ఆడికి దిగలేం."

తల గిర్రున తిరిగింది. మగగొంతుకీ చిన్నపిల్లల గొంతుకీ ఒక స్థాయి తేడా, అంటే 'స' నుంచి పై 'స' దాకా ఉన్నంత. నా పై షడ్జం, అదే పై 'స', వాళ్ళకి మొదటి షడ్జం. నన్ను అందుకోవాలని పాపం వాళ్ళు ఇన్నాళ్ళూ కిందికి దిగబోయి గురగురలాడుతున్నారు! మర్నాడు ఫోన్లో తంబూరా యాప్ కాస్త పైనున్న రెండు శ్రుతికి పెట్టి, ఆ పాపనే ముందు పాడమని నేను నోరు మూసుకున్నాను. పిల్ల గొంతుని పిల్లలు ఇట్టే పట్టుకున్నారు.

తర్వాత చేసిన పని మా గురువుగారికి తెలిస్తే తిడతారు. పురందరదాసుల నాటి నుంచి మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలోనే కదా. అందులో 'స'ని ఆనుకుని శుద్ధ రిషభం ('రి'), అక్కడి నుంచి గాంధారానికి ('గ'కి) పెద్ద అంగ. మావాళ్ళు రిషభం దగ్గరే జారేవాళ్ళు. అందుకని ఆ రాగాన్ని కొన్నాళ్ళు పక్కనపెట్టి, 'రి' 'స'కి కాస్త ఎడంగా ఉండే మోహన రాగం ఎత్తుకున్నాను. స రి గ ప ద, అంతే. మొదట్లో 'ద' దాటి పైకి పోనివ్వలేదు, అరుపులు మొదలవుతాయని.

ఎనిమిది లెక్కల ఆదితాళం మాత్రం తేలిగ్గా వచ్చింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ విసురు, దెబ్బ విసురు. విసిరినప్పుడల్లా చెయ్యి పక్కవాడి చెంపకి తగిలి గొడవలయ్యేవి. చెయ్యి చెయ్యి దూరంలో కూర్చోబెట్టేసరికి వరండా చాల్లేదు, సగం మంది వేపచెట్టు కిందికి పోయారు.

ఇప్పుడు క్లాసు బాగానే పాడుతోంది. వెనక బెంచీ పిల్లాడు ఒక్క లెక్క తప్పకుండా తాళం వేస్తాడు. పాడరా అని బతిమాలితే మాత్రం, "నేను తాళం కదా సార్" అంటాడు.