పిప్పా హాకెట్‌కి నా మొదటి ఓటు

2024 నవంబర్ 29న ఐర్లండ్ సాధారణ ఎన్నికల్లో మొదటిసారి ఓటేశాను. ఇక్కడ ముద్ర వేయడం ఉండదు. మనకు నచ్చిన వరసలో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు రాయాలి. గ్రీన్ పార్టీ (పర్యావరణ పార్టీ) అభ్యర్థి పిప్పా హాకెట్ పేరు పక్కన 1 రాశాను.

మేముండే ఆఫలీ పీట్ (చిత్తడి నేలల్లోంచి తవ్వి ఇంధనంగా కాల్చే మట్టి) తవ్వకాల మీద బతికిన జిల్లా. గ్రీన్ పార్టీ అంటేనే చాలామంది రైతులకు మంట. ఆవిడ మాత్రం స్వయంగా సేంద్రియ రైతు, పశువులూ గొర్రెలూ పెంచే మనిషి. 2019లో కౌన్సిలర్, అదే ఏడాది సెనేటర్ (పార్లమెంటు ఎగువ సభ సభ్యురాలు), 2020లో వ్యవసాయ శాఖ సహాయ మంత్రి. ఆవిడ హయాంలో సేంద్రియ సాగు విస్తీర్ణం రెట్టింపు దాటింది. స్థానిక జాతుల చెట్లను ఒక హెక్టారు వరకు అటవీ లైసెన్సు లేకుండానే నాటుకునే పథకం వచ్చింది. నాకు బాగా నచ్చింది ఇదే, చిన్న రైతుకి లైసెన్సు టెన్షన్ తప్పింది.

2024 జూలైలో ఆవిడకి పార్టీ నాయకత్వం 72 ఓట్ల తేడాతో చేజారింది. నవంబర్‌లో ఆఫలీ కూడా ఆవిడని గెలిపించలేదు. పార్టీకి ఒక్క సీటే మిగిలింది. ఆ రాత్రి మనసేం బాగోలేదు. బస్సు రాని ఊళ్లో కారు లేనిదే గడవదు, గ్రీన్ పార్టీ సమర్థించే కార్బన్ పన్ను (పెట్రోలు, డీజిల్ లాంటి ఇంధనాల మీద వేసేది) మీద జనం కోపం నాకు అర్థమవుతుంది. అయినా రైతు కష్టం తెలిసిన పర్యావరణ గొంతు ప్రభుత్వంలో లేకపోవడం ఆఫలీకే నష్టం. ఆవిడ మళ్లీ నిలబడితే ఇంటింటికీ కరపత్రాలు పంచడానికి నేనూ వెళ్తాను.